చాట పట్టుకుని విన్న మిషిను పాటలు

"ఒక్క పాటన్న నిలవడ్డదా, సైదా?" అని అడిగాడు మా బావ.

"లేదు బావా. పండుకో," అన్నాను.

మా ఇద్దరి నడుమ చివరి మాటలు ఇవే. సూర్యాపేట దవాఖానలో, పగటిపూట, పక్క మంచం వాళ్లు టిఫిన్ డబ్బా విప్పుకుని అన్నం తింటున్నారు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దు వాలేసరికి ఇక లేడు. నాకు తెలిసిందే చెప్పాను. నా ఉద్యోగంలో అబద్ధం చెప్పకూడదు. నన్ను కట్టుకున్న ఆయన ఆ పనిలో పెట్టుకున్నదే అందుకు.

ఇది రాస్తున్నది నా తమ్ముని బిడ్డ మౌనిక. నాకు సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు పోల్చుకోవడం వచ్చు, అంతే. మౌనికకు హైదరాబాద్‌లో పాటలు తయారుచేసే కంప్యూటర్ కంపెనీలో కొలువు దొరికింది. మామ ఈ పని అందరికంటే ముందు చేశాడు కదా, ఎట్లా చేశాడో చెప్పు అత్తమ్మా, మాలాంటి కొత్తవాళ్లకు పనికొస్తుంది అని వచ్చి కూచుంది. పనికొస్తుందో లేదో నాకు తెలియదు. ఆయనకైతే ఏమీ పనికిరాలేదు. చెప్తున్నాను, రాసుకో.

చింతగింజలు, గళ్లు

మా బావ పేరు యాదగిరి. వాళ్లది పెన్‌పహాడ్, మాది మాడుగులపల్లి. నా మేనత్త కొడుకు. చిన్నప్పుడే అనుకున్న సంబంధం. ఆయన చదివి చదివి సైంటిస్టు అయ్యాడు, నేను బడి మొహం రెండేళ్లే చూశాను. పెద్ద చదువు చదివినోడు మాట తప్పుతాడని ఊరంతా అనుకుంది. తప్పలేదు. తప్పి ఉంటే ఈ ఏడుపు ఇంకెవరిదో అయ్యేది.

పెళ్లయిన కొత్తలో హైదరాబాద్‌లో సర్కారు ఆఫీసు. అప్పటి కంప్యూటర్ బల్ల మీద పెట్టేది కాదు, ఒక గది నిండా బీరువాల్లాగా నిలబడేది. ప్రాజెక్టుల నీళ్ల లెక్కలు వేసేది. ఆ గది చల్లగా ఉండాలంట. మా బావ ఎండాకాలంలో కూడా స్వెట్టర్ వేసుకుని పోతుంటే వాడకట్టు వాళ్లు ఈయనకు చలిజ్వరం అనుకునేవాళ్లు.

ఆ మిషినుకు తీరిక దొరికినప్పుడు దానితో పాటలు కట్టించడం మొదలుపెట్టాడు. దానికి నోరు లేదు. కాగితం మీద అంకెలు కొట్టి ఇచ్చేది. ఒకటంటే స, రెండంటే రి. ఆ కాగితాలు ఇంటికి తెచ్చి హార్మోనియం మీద ఒక వేలితో వాయించేవాడు. మిషినుకు మెదడు లేదు కదా, పాట ఎట్లా కడుతుంది అని అడిగాను.

"అష్టాచెమ్మ ఆడ్తవు గదా. చింతగింజలు ఎట్ల పడ్తయో నీకు ఎర్కనా?"

"నాకెట్ల ఎర్క?"

"గళ్లు ఎవరు గీస్తరు?"

"నేనే గీస్త."

"గంతే. గింజలు మిషిను ఏస్తది. గళ్లు నేను గీస్త."

గళ్లంటే ఏ స్వరం తర్వాత ఏది రావచ్చు, ఏది రాకూడదు అన్న లెక్క. ఆ లెక్క కోసం మన ఆడవాళ్ల పాటలు పోగుచేశాడు. నాట్లు వేసేటప్పుడు పాడేవి, వడ్లు దంచేటప్పుడు పాడేవి. పాట వరుస మాత్రం రాసుకుని మాటలు వదిలేసేవాడు. మాటలు మిషినుకు పనికిరావు అనేవాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఆయనకు ఒకటే కోరిక. మిషిను కట్టిన వరుస ఒక్కటన్నా జనంలోకి పోవాలి. ఎవరో ఒక ఆడమనిషి, అది ఎవరు కట్టారో తెలియకుండా, తన పాటే అనుకుని పాడుకోవాలి. ఆ రోజే మిషిను పాట కట్టిందని తాను ఒప్పుకుంటానని, అంతదాకా అది ఉత్త లెక్కేనని అనేవాడు.

ఒకసారి పైఆఫీసరుకు ఆ కాగితాలు దొరికాయి. ఇది ఏ కాలువ లెక్కయ్యా అని అడిగాడంట. కాలువది కాదు సార్, పాట అన్నాడు ఈయన. ఆ ఆఫీసరు నవ్వి, మా ఇంటికే వచ్చి హార్మోనియం ముందు కూచుని విన్నాడు. తర్వాత వచ్చిన ఆఫీసరు నవ్వలేదు. సర్కారు మిషినుతో సొంత పని చేస్తున్నాడని రాసి పెట్టాడు. మా బావ కొలువు వదిలేశాడు. మీకు చెప్పేదేమంటే, నవ్వే ఆఫీసరు ఎల్లకాలం ఉండడు. ఉన్నప్పుడే చేసుకోండి.

చెయ్యి చెప్పేది

కోదాడలో అప్పుడే కొత్తగా కాలేజీ పెడుతున్నారు. అక్కడ పంతులు పని దొరికింది. కాపురం సూర్యాపేటలో, రోజూ బస్సు. ఈసారి కంప్యూటర్ చిన్నది, దానికి నోరు కూడా ఉంది. పిట్ట కూసినట్టు కూసేది.

మొదట్లో ప్రతి పాటకూ ఎట్లుంది అని నన్ను అడిగేవాడు. బాగుంది అనేదాన్ని. పిల్లలను అడిగితే బాగుంది సార్. ఇంటి ఓనరును అడిగితే బాగుంది. ఎవరు ఏం చెప్పినా ఆయనకు ఒక్క ముక్క పనికిరాలేదు. ఒకనాడు నేను బియ్యం చెరుగుతున్నాను. ఆయన ఒకదాని తర్వాత ఒకటి హార్మోనియం మీద వాయిస్తున్నాడు. ఉన్నట్టుండి ఆపి నా చేతులు చూస్తున్నాడు. ఒక పాటకు నా చాట దానంతట అదే తాళం అందుకుందంట. ఇంకో పాటకు నా పాటికి నేను చెరుగుతున్నానంట, పాట లేనట్టే.

ఆ రోజు నుంచి నా నోరు మూయించాడు. బాగుందని అనొద్దు, బాగలేదని అనొద్దు, చెరుగు అన్నాడు. చాట పాటను పట్టుకుంటే ఆ పాట ఉంచేవాడు. పట్టుకోకపోతే చింపేవాడు. చింపినవే ఎక్కువ. చెరిగిన బియ్యమే మళ్లీ మళ్లీ చెరిగేదాన్ని. సైదమ్మ ఇంట్ల బియ్యానికి తలకాయ తిరుగుతది అని పక్కింటామె అనేది. ఇదే నా ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు. జ్వరమొచ్చిన రోజు కూడా ఒడిలో చాట ఉండేది.

మీ కంపెనీలో పాట బాగుందో లేదో ఎట్లా తెలుసుకుంటారు అని మౌనికను అడిగాను. లైకులు చూస్తాం అంది. లైకు కూడా నోటి మాటే బిడ్డా. పనిలో ఉన్న మనిషి చెయ్యి ఏం చేస్తుందో చూడండి. చేతికి మర్యాద తెలియదు.

కోదాడ ప్రిన్సిపాల్ గురించి కూడా చెప్పాలి. ఆంధ్రా దిక్కు మనిషి, మాట మెత్తన. కాలేజీ ఫంక్షన్‌కు ఒక పాట కావాలన్నాడు.

"యాదగిరి గారూ, జనానికి బాగా తెలిసిన పాటలా ఉండాలండీ. కానీ కంప్యూటరే కట్టిందని తెలియాలండీ."

మా బావ ఇంటికొచ్చి ఈ మాట చెప్పి నవ్వి నవ్వి అన్నం తినలేకపోయాడు. ఫంక్షన్ రోజు పాట మొదలవకముందే ప్రిన్సిపాల్ స్టేజీ ఎక్కి ఆకాశానికి ఎత్తాడు. పాట నడుమ కరెంటు పోయింది. అయిపోయిందనుకుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే. ఆ రాత్రి మా బావ నవ్వలేదు. తిట్టే ఆఫీసరు కింద బతకొచ్చు. వినకుండా మెచ్చుకునేవాని కింద పని చచ్చిపోతుంది.

మిల్లు

కొన్నేళ్లకు ఆయనకు నా చెయ్యి మీద అనుమానం వచ్చింది. నీ చెయ్యి నాకు మరిగింది, నా మనసు కనిపెట్టి కదులుతోంది, నాకు వేరే చేతులు కావాలి అన్నాడు. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు సేటు పరిచయమయ్యాడు. కొత్త వస్తువంటే పడిచచ్చే మనిషి. మిల్లు వాకిట్లో ఆడవాళ్లు వరుసగా కూచుని బియ్యం చెరిగేవాళ్లు. అక్కడ స్పీకరు కట్టుకొమ్మన్నాడు, ఒక కంప్యూటర్ కూడా కొనిచ్చి ఆఫీసు గదిలో పెట్టించాడు. సెలవు రోజుల్లో ఇద్దరం పోయేవాళ్లం. నేనూ వాళ్ల నడుమ చాట పట్టుకుని కూచునేదాన్ని.

వాళ్లకు పెద్ద పిచ్చమ్మ. మా మాడుగులపల్లి మనిషే, నోరు పెద్దది. స్పీకరు మోగిన మొదటి రోజే అందుకుంది.

"ఏం సారూ, నీ మిషిను పొద్దుగాల ఏం తినలేదా? గంత సన్నగ ఏడుస్తుంది."

మిల్లుకు వచ్చేనాటికి ఆయన మిషినుకు కొత్త పాఠం నేర్పుతున్నాడు. పాట అయితే ఎప్పుడో నేర్చుకున్నదే పాడతారు. శోకం అట్లా కాదు. పీనుగ ముందు కూచున్న ఆడమనిషి అప్పటికప్పుడు మాట కట్టుకుంటుంది, వరుస సాగదీసుకుంటుంది. కొత్త పాట ఎట్లా పుడుతుందో చూడాలంటే అక్కడే చూడాలి అనేవాడు. చుట్టుపక్కల ఎవరు పోయినా పోయి, ఒక మూల కూచుని ఆ వరుసలు రాసుకునేవాడు. ఇక్కడా మాటలు వదిలేశాడు. ఇంటికి పిలిచి పాడమంటే ఏ ఆడమనిషీ పాడదు. పీనుగ లేని ఇంట్లో శోకం తీయకూడదు. తీస్తే చావును పిలిచినట్టే.

ఆ గళ్ల మీద మిషిను ఒక వరుస కట్టింది. కొంచెం వేగంగా పెడితే హుషారుగా ఉంది. నాలుగో చరణంలో మాత్రం తాళం ఒక దెబ్బ మింగేస్తుంది. ఈయన ఎక్కడో ఒక అంకె తప్పు కొట్టాడంట. దిద్దబోతుంటే నేను అప్పటిదాకా ఉన్న కట్టడి తప్పి నోరు తెరిచాను.

"ఉండనీ బావా. గాడ సాట జర ఆగి మళ్ల లేస్తుంది. రాళ్లన్ని ఒక దిక్కుకు వస్తున్నయ్."

అట్లాగే ఉంచి మిల్లులో పెట్టాడు. ఆ నాలుగో చరణం రాగానే వాకిట్లో చాటలన్నీ ఒక్కసారి ఆగి, ఒక్కసారి లేచాయి. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు.

"సారూ, నీ మిషినుకు ఎక్కిళ్లు పట్టినయ్. జర నీళ్లు తాపు," అంది పిచ్చమ్మ. అంతా నవ్వారు. మా బావ గేటు దగ్గర నిలబడి కండ్లు తుడుచుకున్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండడం మళ్లీ నేను చూడలేదు.

పెళ్లి

అదే సంవత్సరం సేటు బిడ్డ పెళ్లి. నా బిడ్డ తలంబ్రాలకు కంప్యూటర్ కట్టిన పాట వాయిస్తరు అని ఊరంతా చెప్పుకున్నాడు. బ్యాండు వాళ్లకు వరుస నేర్పించాడు. మా ఇద్దరికీ కొత్త బట్టలు పెట్టి ముందు వరుసలో కూచోబెట్టాడు. మిల్లు ఆడవాళ్లందరూ వచ్చారు.

పెళ్లి ఘనంగా ఉండాలని బ్యాండు వాళ్లు ఆ పాటను నిదానంగా ఎత్తుకున్నారు. నిదానం కాగానే దాని హుషారు పోయింది. లోపల ఉన్న శోకం బయటపడింది. మా బావను చూస్తే ఆయన ముఖం తెల్లబోయి ఉంది. లేచి బ్యాండు వాళ్ల దగ్గరికి పోదామనుకునేలోపే నాలుగో చరణం వచ్చింది. తాళం మింగిన ఆ ఒక్క దెబ్బ జాగాలో పెళ్లికూతురు నాయనమ్మ వెక్కిపడింది. ఆమె చిన్న కొడుకు, అంటే సేటు తమ్ముడు, చేతికందినోడు పోయి ఎక్కువ కాలం కాలేదు. ఆ ముసలామె కొంగు నెత్తిన వేసుకుని కింద కూచుండిపోయింది.

"ఓ నా కొడుకా, నీ పెండ్లి సూడకపోతిని కొడుకా..."

మన దిక్కు పద్ధతి మీకు తెలుసు. ఒకరు శోకం ఎత్తుకుంటే ఇంకొకరు పోయి పట్టుకోవాలి. పట్టుకున్నామె తన పోయినవాళ్లను తలుచుకుంటుంది. ఆమెను ఇంకొకామె పట్టుకుంటుంది. పిచ్చమ్మ పోయి పట్టుకుని తన పెనిమిటిని తలుచుకుంది. చూస్తుండగానే పందిట్లో సగంమంది ఆడవాళ్లు ఏడుస్తున్నారు. తలంబ్రాలు పళ్లెంలో అట్లాగే ఉన్నాయి. పెళ్లికూతురు నన్ను చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

సేటు కేకలు వేయలేదు. సాయంత్రం మా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"నువ్వు మంచోనివే సారూ. ఇగ మా గేటు తొక్కకు."

ఈ దెబ్బతో మా పనిలో ఉన్న తప్పు తెలిసింది. చెయ్యి కదిలిందంటే లోపల ఏదో కదిలిందని అర్థం. అది ఎటువైపు కదిలిందో చెయ్యి చెప్పదు. మాటలు ఉంటే చెప్పేవి. మాటలు మేము వదిలేశాం. మీ కంపెనీలో పాటలను మిషినుకు మేతగా వేస్తారంట కదా. వేసే ముందు ఆ పాట ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం పాడిందో అడగండి. మా బావకు ఎంతో చదువుంది, నాకు మంచి చెయ్యి ఉంది. ఇద్దరిలో ఒక్కరికీ ఇది తోచలేదు.

మిగిలింది

కోదాడ బస్సులో పిల్లలు సావుపాట సారు అని వెనక నుంచి పిలిచేవాళ్లు. ఆయన తిరిగి చూసేవాడు కాదు. పింఛను దాకా పాఠాలు చెప్పాడు. మిషిను పాట మాత్రం బయట ఒక్కరికి వినిపించలేదు. ఇంట్లో కట్టడం ఆపలేదు, నేను చెరగడం ఆపలేదు. వినే మనిషిని నేను ఒక్కదాన్నే. అది ఏం బతుకో ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తుంది. ఒక మనిషి జీవితమంతా పాటలు కట్టించి, ఒక్క ఆడదాని చాటకు వినిపించి పోయాడు.

అవన్నీ ఉన్న నల్ల పలకలు, ఫ్లాపీలంటారు, ఒక డబ్బాలో ఉండేవి. బూజు పట్టాయి. ఆయన ఉండగానే మౌనిక హైదరాబాద్ తీసుకుపోయి తిరిగింది. ఒక్కటీ తెరుచుకోలేదు. పోనీలే బిడ్డా, లెక్కలే కదా అన్నాడు. ఆ తర్వాత మంచం పట్టాడు.

అందుకే దవాఖానలో ఆయన అడిగినప్పుడు లేదు అన్నాను. మిల్లు లేదు, ఫ్లాపీలు లేవు, వినేవాడు లేడు. ఏమని చెప్పాలి?

వాకిట్లో

ఆయనను ఇంటి ముందు పడుకోబెట్టారు. నాకు ఏడుపు రాలేదు. మా మేనత్త తరఫు వాళ్లు నన్ను చూసి చెవులు కొరుక్కుంటున్నారు. అప్పుడు ఒక ఆటో వచ్చి ఆగింది. పిచ్చమ్మ దిగింది. నడుం వంగిపోయింది, కట్టె పట్టుకుని వచ్చింది. పెళ్లి తర్వాత ఆమెను చూడడం అదే. నా పక్కన కూచుని, నా మెడ చుట్టూ చెయ్యి వేసి శోకం ఎత్తుకుంది.

"ఓ సారూ, సైదమ్మనొక్కదాన్ని జేసి యాడికి పోయినవ్ సారూ..."

మొదటి చరణానికి నాకేమీ తట్టలేదు. రెండోదానికి తలెత్తి ఆమె నోటిని చూశాను. నాలుగో చరణంలో తాళం ఒక దెబ్బ మింగింది. ఆమెతో వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు కూడా అదే జాగాలో మింగి, ఒక్కసారి అందుకున్నారు. వాళ్లు పిచ్చమ్మ కోడళ్లు. మిల్లు మొహం చూసినవాళ్లు కాదు.

పాతకాలం శోకమేమో, మిషినే దాన్ని దొంగిలించిందేమో అంటారు మీరు. కాదు. ఆ మింగుడు ఏ ఆడదాని గొంతులోనూ పుట్టింది కాదు. మా బావ వేలు తప్పి కొట్టిన అంకె అది.

అందరూ ఏడుస్తున్నారు. నా చేతులు ఒడిలో కదులుతున్నాయి, చాట ఉన్నట్టే. ఎవరో వచ్చి నా చేతులు పట్టుకుని ఆపారు. మనసు చెదిరింది పాపం అన్నారు. ఆయన నాకు బారెడు దూరంలో ఉన్నాడు, ముక్కులో దూది పెట్టి.

మూడోనాడు పిట్టకు పిండం పెట్టినప్పుడు పిచ్చమ్మ మళ్లీ వచ్చింది. పక్కకు పిలిచి అడిగాను.

"పిచ్చమ్మా, నువ్వు ఏడ్సిన వరుస యాడిది?"

"యాడిదేంది? మా అత్త కాలం కాంచి గిట్లనే ఏడుస్తలేమా. మా దిక్కు ఏ సావుకన్న గిదే."

"మిల్లుల మా బావ పెట్టిన పాటలు యాదికున్నయా?"

"గవి ఎవలికి యాదుంటయ్ సైదమ్మా? మోటరు సప్పుడుల ఏం ఇనొచ్చింది."

తన పాటే అనుకోవాలి, ఎవరు కట్టారో తెలియకూడదు. ఆయన పెట్టుకున్న షరతు అదే కదా. అది జరిగింది. ఎన్ని ఊళ్లలో, ఎన్నేళ్ల నుంచి జరుగుతోందో తెలియదు. మేము సూర్యాపేటలో తలుపు వేసుకుని చెరుగుతూ కూచున్నాం. సావుపాట సారు అని తిడతారని ఆయన చావులకు పోవడం మానేశాడు. పోయి ఉంటే వినేవాడు.

ఇక ఆపుదాం

మౌనిక ఫోన్ ముందు పెట్టి, ఆ వరుస ఒక్కసారి తియ్యి అత్తమ్మా, రికార్డు చేసుకుంటా, మామ పేరు పెట్టి అందరికీ వినిపిస్తా అంటోంది. నా గొంతు ఎట్లాగూ గరుకు రాయి అయింది. గొంతు ఉన్నా తీయను. పీనుగ లేని ఇంట్లో శోకం తీయకూడదు. ఈ ఇంట్లో ఇక నేను పోయిన రోజే. ఆనాటికి పిచ్చమ్మ బతికుంటే ఫోన్ పట్టుకుని రా బిడ్డా, మంచిగా వినిపిస్తుంది. నేను ఇట్లా అన్నానని మౌనిక ముఖం ముడుచుకుంది. ముడుచుకో. ఇది కూడా రాయి.

కొత్తగా వచ్చేవాళ్లకు చివరగా ఏదన్నా మంచి మాట చెప్పమంది. నా దగ్గర లేదు. మీరు చేసిన పని నిలబడ్డదో లేదో మీకు తెలియకుండానే పోతారు. మీ పక్కన కూచున్న మనిషికి కూడా తెలియకపోవచ్చు. అంతే.

రాసింది చాలు. ఇప్పుడు మొదటి నుంచి నాకు చదివి వినిపించు. చాట తేకు, ఆ రోజు తర్వాత ఈ చేతులు దేనికీ కదలలేదు. నిదానంగా చదువు. దవాఖానలో మీ మామ అడిగిన మాట చదివి అక్కడ ఆగు. నా జవాబు చదవకు. అది నేను చెప్తా.